మడత పెట్టిన టేపు కొస

కీల్పాక్‌లో ఆ మేడ మెట్లెక్కేసరికే
తగువు సగం అర్థమైంది నాకు.
పెద్దకోడలి భుజాల మీద శాలువా,
చిన్నకోడలి చేతిలో తాటాకు విసనకర్ర.
బయట కత్తిరి ఎండలు, తారు కరిగి చెప్పులకంటుకునే మధ్యాహ్నం.
ఒకే మిషను, ఒకే కరెంటు బిల్లు,
ఆ ఇద్దరికీ రెండు ఋతువులు.

"ఇరవై నాలుగు పెట్టి పడుకున్నాను" అంటుంది ఒకామె.
"పద్దెనిమిది చేసిందెవరో?" అంటుంది ఇంకొకామె, గోడతో.
హాల్లో ఆ థర్మోస్టాట్ బొత్తాల మీద
వేళ్లు పడీపడీ బాణం గుర్తులు చెరిగిపోయాయి.
పాపం దానికేం తెలుసు,
తను వేలాడే గోడ చెప్పిందే నమ్ముతుంది.

సంచిలోంచి అగరుబత్తి తీసి వెలిగించాను.
"పూజ కూడా చేస్తావా ఏం?" అన్నారు వీరరాఘవులు గారు.
పూజ కాదండీ, గాలి జాడ.
పెద్దకోడలి గదిలో పొగ మెడ విరిగినట్టు వంగి
నేలకు పరిగెత్తింది.
చిన్నకోడలి గదిలో గ్రిల్లు కింద నిటారుగా లేచి
కాసేపు ఆలోచించి
తన మానాన తాను పైకి పోయింది.

గాలి వెనక్కి పోయే జాలీకి బీరువా అడ్డం. జరిపించాను.
ఫిల్టర్లో సాంబ్రాణి మసి, దూది, ఎవరిదో పొడుగాటి తెల్లవెంట్రుక. కడిగాను.
పడమటి కిటికీకి తెర లేదని చీటీ మీద రాశాను.
అయినా లెక్క కుదరలేదు.
మిషను తోసే గాలిలో మూడోవంతు
గదులు చేరకుండా ఎక్కడో దారి తప్పుతోంది.

ఫాల్స్ సీలింగ్ పలక జరిపి తల లోపల పెట్టాను.
చెవులు జిల్లుమన్నాయి.
ఆ ఇంట్లో అన్నిటికంటే చల్లని గది అదే.
రెండడుగుల ఎత్తు, చీకటి, ఎండిపోయిన బల్లి,
ఎవరో మరిచిపోయిన బీడీకట్ట.
పదకొండేళ్లుగా వాటికి ఏసీ వేస్తున్నారు వీళ్లు.

గొట్టం కీలు దగ్గర ఊడి వేలాడుతోంది.
పాత టేపు లాగితే సులువుగా వచ్చింది:
కొస లోపలికి మడిచి ఉంది, వేలెడు వెడల్పున.

అలా మడవమని నేర్పింది జబ్బార్ భాయ్.
"రేపొచ్చేవాడు గోళ్లతో గీక్కోకూడదురా" అనేవాడు.
ఆయన దగ్గర పని నేర్చింది ముగ్గురం.
ఒకడు ఫ్రిజ్‌ల వైపు పోయాడు. ఒకడు పోయాడు.
పక్కనే రేకు మీద పెన్సిలుతో "చిన్నబాబు గది" అని ఉంది, తెలుగులో.
మా ముగ్గురిలో తెలుగు రాసేది నేనొక్కణ్ణే.

తెల్లారితే గృహప్రవేశం. ఆ రాత్రి
రేకు టేపు అయిపోయింది, దుకాణం కట్టేశారు.
చేతిలో ఉన్న బట్ట టేపు రెండు చుట్లు చుట్టి
రేపొచ్చి సరిచేద్దాంలే అనుకున్నాను.
అప్పుడు నాకు పందొమ్మిది.

కింద నుంచి, "ఏం దొరికిందయ్యా?"
"కీలు ఊడిందండీ."
"ఎవడో చేతకాని వెధవ చేసుంటాడు."
"అవునండీ" అన్నాను, తల పైనే ఉంచి.

లప్పం పూశాను, పట్టీ బిగించాను,
రేకు టేపు మూడు చుట్లు. కొస మడిచాను.
పెద్దకోడలి వైపు డ్యాంపర్ రెండు గీతలు మూశాను.
పుల్ల కాలిపోయేలోగా పొగ రెండు గదుల్లోనూ
ఇంచుమించు ఒకేలా తలవంచింది.

కూలీ వద్దు, సామాను ఖర్చు చాలన్నాను.
వీరరాఘవులు గారు నన్ను అనుమానంగా చూసి
అందులోనూ నూటయాభై తగ్గించారు.

నాలుగో రోజు ఫోను. పెద్దకోడలు.
శాలువా మడిచి బీరువాలో పెట్టేసిందట.
"అంతా బాగానే ఉంది గానీ, ముందులా లేదు."
"ఏం లేదమ్మా?"
కాసేపు ఫోన్లో ఉత్త గాలి చప్పుడు.
"అదే... ఆ చలి."