కొసల నుంచి మొదలుకు

ముందుగాల నీళ్లు పొయ్యొద్దు.
మా ఇంట్ల ఇది మొదటి కట్టడి.
ఎనుమాముల యార్డు నుంచి అమ్మ వచ్చిన పొద్దు
నీటిబొట్టు తగిలితే చాలు నెత్తి అంటుకుంటది.
నెత్తి నుంచి మెడకు, మెడ నుంచి ఈపుకు
ఎర్రచీమల బారు లెక్క మంట దిగుతది.

తేజ, వండర్ హాట్, చపాట,
ఏ కాయకు తొడిమ తీసినా
దుమ్ము మాత్రం అమ్మ రింగులల్లనే కాపురం పెడుతది.
సాపు జుట్టున్న లచ్చక్క
కొంగుతోని రెండుసార్లు దులుపుకుంటే అయిపాయె.
సారమ్మకు అట్ల కాదు.
ఒక్కో రింగు ఒక్కో గిన్నె,
ఒక్కో గిన్నెల చిటికెడు కారం.

అందుకే ముందు కొబ్బరినూనె.
గోరువెచ్చగ చేసి,
గోర్లతోని గీకకుండ, ఏళ్ల కొసలతోని
పాయ పాయకు పాపిట తీసి అద్దుత.
కారం నీళ్లకు లొంగదు, నూనెకు లొంగుతది.
కూరొండే ఎవలకైనా ఎరుకే,
నెత్తి కాడికి వచ్చేసరికి ఎందుకో యాదికి రాదు.

గంటసేపు గట్లనే కూసుంటది,
మెడ సుట్టు నా పాత చున్నీ,
ఏదో ఒకటి తిట్టుకుంట.
ఆటో కిరాయి, కూలి లెక్క, ఎండ,
నా చదువు, నా ఫోను.

ఆ తర్వాత కుంకుడు రసం, పల్చగ.
చన్నీళ్లు, ఉడుకునీళ్లు అసలే వద్దు.
“కండ్లు మూస్కో” అంట.
చిన్నప్పుడు ఈ మాట తను నాతోని అనేది,
అని, వీపు మీద ఒకటి చరిచేది కూడా.
నేను చరవను. అంతే ఫరక్.

కణతల కాడ జుట్టు ఎనుకకు జరిగింది.
పద్దెనిమిదేండ్లు రుమాలు కింద
గుంజి గుంజి కట్టిన ముడి
దాని బాకీ అది వసూలు చేసుకున్నది.

ఎందుకంత గట్టిగ కట్టినవే అని అడిగిన.
శానసేపు చెప్పలే.
కాంటా కాడ గుమాస్తా ఒకడు
“గొర్రెబొచ్చు” అన్నడట.
అందరు నవ్విన్రట.
“నేను గూడ నవ్విన” అన్నది.
తెల్లారి నుంచి రుమాలు.

గొర్రెబొచ్చు.
జఫర్‌గఢ్ దిక్కు మా బీరయ్య తాతను ఈ మాటంటే
మీసం దువ్వుకునేటోడు.
కత్తెర పట్టే ముందు మందను వాగుల దింపి
ఒక్కోదాన్ని పిల్లలకు తానం పోసినట్టు కడిగేటోడట.
పొడి బొచ్చు మీద చెయ్యేస్తే తెగుతది అనేటోడట.
చిక్కుపడ్డ కాడ గుంజేది లేదు,
ఏలు దూర్చి, తొవ్వ అడిగి, తొవ్వ ఇచ్చినంక
మెల్లగ ఇడదీసుడే.
ఆయన నేసిన గొంగడి మీద
రాత్రంత వాన కొట్టినా
లోపట మనిషికి నిద్ర చెడకపోయేదట.

ఇవన్ని చెప్పుకుంట చెప్పుకుంట
అమ్మ గొంతు ఎటో పోయింది.
నేను పెద్ద పండ్ల దువ్వెన తీసిన.
తడి ఆరకముందే, కొస కాడ మొదలువెట్టి
ఒక్కో జానెడు మీదికి.
ఇన్నేండ్లు మొదట్ల పట్టి కిందికి లాగినం,
పిడికెడు పిడికెడు తెంపి
స్టీలు గిన్నెలకు అమ్ముకున్నం.
ఆ గిన్నెలల్ల ఒకదాంట్లనే ఇయాల నూనె కాగింది.

టవాలుతోని రుద్దలే.
నాయిన పాత లుంగీ, కడిగి కడిగి మెత్తబడ్డది,
దాంతోని ఒత్తిన, వదిలిన.
దండెం కింద గాలికి కూసున్నది.
ఆరుకుంట ఆరుకుంట ఒక్కో రింగు
పొద్దుగాల తన పేరు యాదికొచ్చినట్టు
మీదికి సుట్టుకున్నది.

నేను అటు మలిగి
రుమాలు లోపటి దిక్కు
నా ఏడో తరగతి డాన్సు లంగాల సాటిన్ ముక్క కుడుతున్న.
గులాబి రంగుది. బయటికి కనపడదు.

అద్దంల చూస్కుంట అమ్మ
చెవి మీది రింగు ఒకటి పట్టి గుంజింది,
ఇడిసింది.
అది ఎగిరి దాని జాగల అది కూసున్నది.
మళ్ల గుంజింది. మళ్ల ఇడిసింది.
“ఇది మా నాయినది” అన్నది.

కొంచెంసేపు ఆగి,
“ఇగ బువ్వ వెట్టు,
రేపు ఐదున్నరకే ఆటో.”