ఒకటో, ఏడో

మూతపడ్డ బ్రూవరీని కూలగొట్టిన ఏడాది
చెత్తబండి దాకా వెళ్లిన చిట్టాపుస్తకాన్ని
హెస్టర్ తన వానకోటు కింద దాచి తెచ్చింది.
వెనక అట్ట లేదు. అంచులన్నీ ఎలుకలు చదివేశాయి.
మొదటి పుట: పద్దెనిమిది వందల ముప్ఫైతొమ్మిది.
కాచినవాడు ఎడ్విన్ గార్‌సైడ్.

సన్నటి రాత, కుడివైపు వాలు,
వేక్‌ఫీల్డ్ వానకి వంగిన గడ్డిలా.
లేత మాల్ట్ ఇంత, ముదురు మాల్ట్ ఇంత,
మొదటి నీళ్ల వేడి ఇంత.
"ఉరుములు. మూతలు పెట్టించాను."
"జోసెఫ్ తాగొచ్చాడు. పనిలోంచి తీసేశాను."
మర్నాడు, "జోసెఫ్ వచ్చాడు."
ఈస్ట్ అన్న గడిలో మాత్రం ప్రతి పుటలోనూ ఒకటే మాట:
ఎప్పటిలాగే.

ఎప్పటిలాగే అంటే ఎలాగయ్యా,
ఆ ఎప్పుడూ నీతోనే పోయిందిగా!

ఇక పీపాకి హాప్స్ ఎన్ని పౌన్లు?
ఒక నిలువుగీత, నెత్తిన చిన్న కొక్కెం.
ఒకటా? ఏడా?
హెస్టర్ భూతద్దం పట్టింది, నేను బల్లదీపం వంచాను.
ఒకటైతే పొలంనుంచి వచ్చి తాగే మెత్తటి బీరు.
ఏడైతే కషాయం.
పదిహేడో తారీఖు దొరికితే తేలిపోతుందన్నాను,
ఒకటీ ఏడూ పక్కపక్కన నిలబడాలి కదా.
దొరికింది. నవంబరు పదిహేడు.
ఒకే టోపీ పెట్టుకున్న కవలల్లా
రెండు కొక్కేలు.
హెస్టర్ నవ్వీ నవ్వీ స్టూలు మీంచి జారింది.

సరే, రెండూ కాచాం.
అప్పటి తీరు ముదురు మాల్ట్ ఇప్పుడెవరూ అమ్మరు.
ఓవెన్లో గింజలు వేయిస్తే
పొగ అలారం గోలకి పక్కింటి ఓల్డ్‌రాయిడ్
తడి తువ్వాలుతో, మేజోళ్లతోనే పరిగెత్తుకొచ్చాడు.
ముప్ఫైఆరు గ్యాలన్ల లెక్కని అయిదుకి దించాను
కరెంటు బిల్లు వెనకాల.
వేడినీళ్ల ట్యాంకు అలమరలో, దుప్పట్ల మధ్య
రెండు బకెట్లు రాత్రంతా గొణుక్కున్నాయి.

ఒకటి క్రిస్మస్‌కే ఖాళీ. బాగుంది.
బాగుందనడం తప్ప దాని గురించి ఇంకేం తోచలేదు.
ఏడు నోట్లో పడగానే హెస్టర్ సింకు దాకా నడిచింది.
సీసాలన్నీ బొగ్గుల నేలమాళిగలోకి తోసి మరిచిపోయాం.

రెండో మార్చి. ఫ్యూజు పోయి, చీకట్లో తడుముతుంటే
చేతికో సీసా తగిలింది.
చేదు పోలేదు. నిలబడ్డది కూర్చుంది, అంతే.
దాని చుట్టూ ఎండుద్రాక్ష, పాత తోలు,
ఎక్కడో ఓ గుర్రపుశాల.
మెట్లమీదే ఇద్దరం, ఒకటే గ్లాసు.
"ఏడే," అంది హెస్టర్.
"అప్పుడూ ఇలాగే ఉండేదా?" అన్నాను.
సాక్ష్యం చెప్పేవాళ్లు ఈ ఊళ్లో
సమాధుల్లో కూడా లేరు. వాటి మీంచి రోడ్డు వేశారు.

ఆ రాత్రే నా నోటుబుక్కులో ఎక్కించాను.
తేదీ, నీళ్లు, గింజలు, పొగ సంగతి, ఓల్డ్‌రాయిడ్ తువ్వాలు.
హాప్స్ దగ్గర ఏడు వేసి
దాని నడుముకి అడ్డగీత బిగించాను,
ఎవరి కళ్లకో, ఎన్నడో పనికొస్తుందని.
ఈస్ట్ గడి దగ్గరికొచ్చేసరికి
చెయ్యి నన్ను అడక్కుండానే రాసేసింది:
ఎప్పటిలాగే.