ఠ

పాత మౌసు పొట్ట చీల్చి
రెండు తీగలు బయటికి లాగి
కాలింగ్‌బెల్ బొత్తానికి అతికించాడు
సెల్‌ఫోన్ల కొట్టు ఖాదర్‌బాషా.
"దవడ ఆనించు అన్నా" అన్నాడు.
ఆనించాను.
టక్.
నాలుగేళ్ల తర్వాత
నా వల్ల జరిగిన మొదటి పని ఆ చప్పుడు.

తెర మీద మన బళ్లో పలకే.
పైన అచ్చులు, కింద క, ఆ కింద చ.
ఒక్కో వరస మీదా వెలుగు రెండు సెకన్లు నిలబడి దిగుతుంది
ఒంగోలు బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగినట్టు.
వరస వస్తే ఓ టక్, అందులో అక్షరం వస్తే ఇంకో టక్.
తప్పిపోయిందా,
పరిగెత్తి ఎక్కేది లేదు
చుట్టు తిరిగి మళ్లీ వచ్చేదాకా కూచోవాల్సిందే.
కూచోడం నాకు కొత్త కాదు.

మొదటి మాట అమ్మ అనో, దేవుడా అనో వస్తుందని
ఇంటినిండా జనం,
ఫోను ఎత్తి పట్టుకుని గుమ్మంలో ఫిజియోథెరపీ ఆయన.
నేను కొట్టింది: ఫ్యాను తగ్గించండి.
నాలుగేళ్లుగా చలేస్తోంది.
మా దీనమ్మ నవ్వింది.
రెగ్యులేటరు దగ్గరికెళ్లి
గోడవైపు తిరిగి చాలాసేపు అట్టాగే నిలబడింది.

రెండో రోజు పేరు రాసుకున్నా.
మాలకొండయ్య.
పది ముక్కలు, ఇరవై టక్కులు
చివరి యవత్తుకి చెమటే పట్టింది.
రేషన్ కార్డులోనూ క్వారీ మస్టర్‌లోనూ
'కోండయ్య' అని ఉంటాను నేను.
కొ-కి దీర్ఘం లేదయ్యా అనేవాణ్ణి
నోరున్న రోజుల్లో.

సగం మాట పడేసరికి
చూడొచ్చినోళ్లు మిగతా సగం వాళ్లే పూర్తి చేస్తారు.
'నీ' అంటే నీళ్లు తెస్తారు.
నేను నీలిమ పరీక్ష ఎట్టా రాసిందని అడగబోయాను.
తెచ్చిన నీళ్లు తాగి
మళ్లీ 'నీ' దగ్గర మొదలు.

ఈ మధ్య ఒకే వాక్యం మీద ఉన్నాను.
క్వారీ కాయితంలో 'కూలీ అజాగ్రత్త' అని రాశారు, రెండే మాటలు.
ఎంతసేపు పట్టుంటది వాళ్లకి?
పెన్ను మూత తీసినంత.
నాది ఇది:
తాడు పాతదని ముందే చెప్పాను.

'తా' అయింది.
ట వరస దగ్గర నొక్కాను.
ట మీద వెలుగు.
ఠ మీద వెలుగు.
తర్వాతిది డ, ఊపిరి బిగబట్టి చూస్తున్నా

సాయంత్రం నాలుగున్నర.
చీమకుర్తి కొండ కడుపులో మందు పేలింది.
క్యాలెండరు ఊగింది, మంచం కోళ్ల కింద నేల కదిలింది,
తల అంగుళమంత పక్కకి జారి
టక్.

తాఠ.

సైరను ముందే మోగింది, విన్నాను కూడా,
వెలుగు చూస్తూ పట్టించుకోలేదు.
ఇది మాత్రం నా అజాగ్రత్తే.

బళ్లో దిద్ది వదిలేశాక
మళ్లీ నాతో పని పడని అక్షరం.
ఠాణా గుర్తొచ్చింది,
అక్కడి బెంచీ మీద దీనమ్మ మూడు రోజులు కూచున్న సంగతి.
దాన్నట్టా చూస్తూ ఉంటే
పై గట్టు మీద నిలబడి చూసిన క్వారీ గుంతలా ఉంది
గుండ్రంగా,
నడిమధ్యలో చుక్కంత మనిషి.

చెరుపు గడి చిట్టచివరి వరసలో ఉంటది.
వెలుగు మెట్లన్నీ దిగి అక్కడికి రావాలి.
వచ్చిందాకా చూశా. టక్.
ఆ వరసలో మూడోది. టక్.
పోయింది.

నీలిమ వాకిట్లో సైకిలు స్టాండు వేస్తోంది.
"నానా, ఎందాకా వచ్చింది?"
జవాబు చెప్పాలంటే వాక్యం ఆపాలి.

ట వరస.
ట.
ఠ.