ఆవలెల్లుండి

జుబైల్‌ల, సముద్రపు ఉప్పు తీసి మంచినీళ్లు చేసే ప్లాంటుల,
మూడో పంపు పక్కన నీడ ఎంత ఉంటే అంత మా బడి.
పంతులు కువబరా, అరవై రెండేండ్లు.
పలక, చింపిన సిమెంటు సంచి కాయితం.
నేను గేజీలు చూసి అంకెలు రాసేటోన్ని.

"ఇమ" అన్నడు, వేలు నేలకు గుచ్చి.
ఇప్పుడు.
"క్యో", ఇయ్యాల. "అషితా", రేపు.
"కినో" అన్నప్పుడు చెయ్యి భుజం మీదికెల్లి ఎన్కకు ఇసిరిండు
తిన్న ఖర్జూరం గింజ పారేసినట్టు.

అప్పటిదాక నాకు ఇక్కడ దొరికిన రేపులు రెండే.
ఒకటి బుక్రా.
జీతం బుక్రా, ఇకామా బుక్రా,
ఏసీ బాగుచేసేటోడు బుక్రా.
బుక్రా అంటే ఇయ్యాల కాదని, అంతే.
ఇంకోటి డ్రైవర్ గుల్‌జమాన్ అనే కల్.
నిన్న వచ్చిండో రేపు వస్తడో
మాట తోక చేతికి చిక్కేదాక తెల్వది.
కువబరా అషితాకు మాత్రం గడియారం ఉంటది.
అషితా ఆరున్నర అంటడు,
ఆరూ ఇరవైకే వచ్చి నిలబడతడు
నేనే లేటయినట్టు.

రాత్రి మంచం మీద వల్లె వేస్తుంటే
పైమంచం సెల్వన్ దిండు ఇసిరిండు.

ఒక మంగళవారం తప్పు జేసిన.
ఏడో గేజీ చూసినవా, అని అడిగిండు.
"క్యో" అన్న.
మనసుల ఉన్నది కినో.
నా నోట్లె రెండూ ఒక్క పిట్ట తీరే కూస్తయి.
ఆయన నమ్మిండు. వాల్వు తిప్పుమన్నడు.
చక్రం మీద చెయ్యి పడ్డంక తెలివొచ్చి
"కినో! కినో!" అని ఒర్రిన.

తిట్టలేదు.
నొప్పి మోకాలు చేత్తో పట్టుకొని
పద్నాలుగు ఇనుప మెట్లు ఎక్కి ఆయనే చూసొచ్చిండు.
ముల్లు ఎర్ర గీత దాటి ఉన్నదట.
దిగినంక కాయితం నా దిక్కు జరిపి
నీ భాషల రాయి, అని సైగ చేసిండు.

నిన్న రాసిన. మొన్న రాసిన.
మొన్నకు ఆయన కాడ ఒతొతోయి ఉన్నది.
ఎల్లుండికి అసత్తే ఉన్నది.
ఇగ చాలనుకొని కలం మూసిన.
అప్పుడు ఆయన ఇంకో వేలు ఎత్తిండు:
షిఅసత్తే.

ఆవలెల్లుండి!
ఇంగ్లీషు సూపర్‌వైజర్ అంత దూరం దినాన్ని
వేళ్ల మీద లెక్కబెట్టుకుంట పోతడు.
మేమిద్దరం పేరు పెట్టి పిలుస్తం.
మా అక్క బీడీల కట్టలు అప్పజెప్పి
పైసలెప్పుడంటే గుమాస్తా చెప్పే దినం అది.
పేరున్నది గనుక వస్తదనే నమ్మేది.
ఇదంతా ఎట్ల చెప్పాలె?
మాటను చూపించి నవ్విన.
ఆయన "ఆవ" దాక పలికి, "లెల్లు" కాడ ఆగిపోయిండు.
వాళ్లకు "ల" లేదట.

షిఅసత్తే ఎందుకు నేర్పిండో ఆఫీసుల తెలిసింది.
ఆ దినమే ఆయన కాంట్రాక్టు అయిపోయేది.

ఆ దినం వచ్చింది. బుక్రా లెక్క కాదు, నిజంగనే వచ్చింది.
ఆరూ ఇరవైకి, బస్సు గేటు కాడ ఉండంగ,
కొత్త బూట్లతోటి పంపు కాడికొచ్చిండు.
"ఏడో గేజీ?"
"సక్కి" అన్న. ఇందాక.
"సక్కి" అని తిరిగి అనిపిచ్చుకున్నడు.
నా చెవులు మంచియేనా అన్నట్టు చూసి, తలూపి,
అయినా
మోకాలు పట్టుకొని
పద్నాలుగు మెట్లు ఎక్కిండు.