స్టాక్ రిజిస్టర్ల లేనివి

ల్యాబు ఊడ్సేది నేనే.
భోలక్‌పూర్ సర్కారు బడి, మెట్ల కింది రూము.
సోమ బుధ శుక్ర తెలుగు మీడియం,
మంగళ గురు శని ఉర్దూ మీడియం,
బల్ల ఒక్కటే. నల్లా ఒక్కటే,
అది గూడ రోజు విడిచి రోజు.

ఇనుప బీరువా ఒకటున్నది.
దాన్ల మైక్రోస్కోపు, గాజు పట్టకాలు,
సీలు గూడ తియ్యని త్రాసు.
పగిలితే జీతంల కోస్తరని
పాత హెడ్‌మాస్టరు వేసిన తాళం.
ఆయన రిటైరై పోయిండు,
ఆయన భయం చార్జి లిస్టుల మిగిలింది.
తాళంచెవి నా బొడ్లె.

మరి క్లాసు ఆగిందా అంటే, ఆగలే.
పరిమళ మేడం రాసిన ఇండెంటుకు రెండేండ్లు నిండినయి.
సున్నపు నీళ్లకు సున్నం
మూలమీది పాన్ డబ్బా ఆయన ఇచ్చిండు,
పైసలు తీసుకోలే.
లిట్మస్ లేకపోతే
నేనే కాయిదాలకు పసుపు పూసి తీగ మీద ఆరేసిన.
అయస్కాంతాలు తొమ్మిదో తరగతి ముజమ్మిల్ తెచ్చిండు,
వాళ్ల నాయన కబాడ దుకాణంల
పలగ్గొట్టిన స్పీకర్ల కడుపుల నుంచి.
ఏ బరాత్‌ల ఎంత మొత్తుకున్నయో ఏమో,
ఇప్పుడు నోరు మూసుకొని
ఇనుప రజనును ఏదుపంది లెక్క నిలబెడ్తున్నయి.

ఆకు ఒక్కటే.
మేడం కిరణజన్య సంయోగక్రియ అంటది,
తెల్లారి నుజ్‌హత్ టీచరు జియాయీ తాలీఫ్ అంటది.
రెండూ నా నోట తిరుగయి.
ఊడ్సుకుంట వింటగద, నాకు సమజైందేందంటే
ఆకు ఎండల తన అన్నం తాను వండుకుంటది,
గ్యాసు బండ అక్కర్లేదు.

అయోడిన్ సుక్క వెయ్యాలె,
ఆలుగడ్డ తెస్తనన్న పిల్ల ఆ దినం రాలే.
నా టిఫిన్ తీసి ముంగట పెట్టిన.
తెల్లటన్నం అల్లనేరేడు రంగుకు తిరిగింది,
పిల్లలు చప్పట్లు కొట్టిన్రు.
పగటీలి వాళ్ల భోజనంల
ఒక్క గుడ్డు మిగిలితే అది తిన్న.

ఇగ సున్నపు నీళ్ల దినం సంగతి.
స్ట్రా పెట్టి ఊదుమంటే అందరు ఊదిన్రు,
గ్లాసులన్ని మబ్బు పట్టినయి.
లింగేశు ఊదలే. పీల్చిండు.
నల్లా రాని రోజది,
నా తాగేనీళ్ల బాటిలంత వాని పుక్కిలింతలకే అయింది.
మేడం చేతులు వణుకుతున్నయి.
వాడు మూతి తుడుసుకొని
"పానులున్నంత మంచిగ లేదు మేడం" అన్నడు.
పరీక్షల ఏం రాసిండో గని
వానికి ఆ పాఠం సచ్చేదాంక యాదుంటది.

పదో తరగతి శివలీల ఒక దినం
చీపురు కాడ నిలబడి అడిగింది:
"ఉల్లిపొర బొమ్మ పుస్తకంల చూసి వేసిన.
అసలుది ఎట్లుంటది అక్కా?"
నాకేమెరుక. జవాబు చెప్పలే.

సాయంత్రం బడి విడిచినంక బీరువా తీసిన.
పదేండ్ల దుమ్ము కవరు మీదనే ఉన్నది,
లోపల అంత కొత్తగనే.
పొద్దున కూరకు తరిగిన ఉల్లిగడ్డ పొర,
నీళ్ల సుక్క, అయోడిన్ సుక్క,
చెవులతోటి నేర్చుకున్నదంత చేతులకు చెప్పిన.
కిటికి దిక్కు అద్దం తిప్పి కన్ను పెడితే
మొదలు నా రెప్పవెంట్రుకలే కనబడ్డయి.
తర్వాత మెల్లగ
గోడకు గోడ ఆనుకొని, సందు గూడ లేకుంట,
మా బస్తీ.
ఒక్కో ఇంట్ల ఒక్క సుక్క,
గోడవార జరిగి కూసున్న ముసలామె లెక్క.
మగ్రిబ్ అజాఁ అయ్యేదాంక చూసిన.
ఇంటికి పోతే లేటెందుకైందని అడిగిన్రు,
ఊర్లె తిరిగొచ్చిన అన్న.

తెల్లారి హెడ్‌మేడం ముంగట నిలబడి
తాళంచెవి పోయిందమ్మా అన్న.
చెవి మా ఇంట్ల బియ్యం డబ్బాల ఉన్నది.
మస్తు తిట్టింది. మెమో గూడ ఇచ్చింది,
ఏలుముద్ర కాదు, సంతకమే పెట్టిన.
ముజమ్మిల్ వాళ్ల నాయన కటింగ్ మిషను పట్టుకొచ్చి
రెండు నిమిషాలల్ల తాళం కోసిండు,
ఆ ఇనుము ముక్కలు గూడ తూకానికి తీసుకపోయిండు.

కొత్త తాళానికి ఇండెంటు రాసిన్రు.
అదెప్పుడొస్తదో
మీకు తెల్వదా.