పేర్లు రాసుకుంటున్నప్పుడు

మర్ఫీ టౌన్‌లో మా సంఘం.
తలుపు పక్క కడపటి బల్ల మా తాతది.
ఏసోబు తాత, మద్రాస్ సాపర్స్.
ఎడమ చెవి సింగపూరులో పోయింది.

యుద్ధం కథ చెప్పమంటే
కట్టిన వంతెనలు చెప్పేవాడు, కూల్చినవీ చెప్పేవాడు.
పట్టుబడ్డాక ఒక్కరోజు మాత్రం దాటేసేవాడు.
నాయనమ్మ పోయిన ఏడు, కరెంటు లేని రాత్రి
అదీ చెప్పాడు.

మైదానంలో నిలబెట్టారట.
కొత్త సైన్యంలో చేరేవాళ్లు ఇటు,
పాత ప్రమాణానికి నిలబడేవాళ్లు అటు.
మధ్యలో బల్ల, పుస్తకం, చెక్కిన పెన్సిలు.
ఓబులేసు ఇటు వెళ్లాడు, దేశం అన్నాడు.
చిన్నప్ప అటు వెళ్లాడు, తిన్న ఉప్పు అన్నాడు.
ముందు రాత్రి ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్లు.

"మరి నువ్వు?"
"కడుపునొప్పని దొడ్డికి పోయా."

ఈగల్ని లెక్కపెడుతూ కూచున్నాడట.
వచ్చేసరికి పుస్తకం మూసేశారు.

చిన్నప్ప క్యాంపులోనే ఆకలికి పోయాడు.
ఓబులేసుకి జీతం పోయింది, పేరు పోయింది,
అల్సూరు చెరువు పక్కన పంచర్లు వేశాడు.
తాతకి నెలనెలా పింఛను వచ్చింది.
ఆ దుకాణం తగలకుండా
రెండు వీధులు చుట్టి ఇంటికొచ్చేవాడు.

ఇద్దరిలో ఎవరిది ఒప్పో
చివరిదాకా తేల్చలేదు.
"ఎవరో ఒకరి పక్కన నిలబడాల్సింది"
అనేవాడు, అంతే.

యేటా బాప్తిస్మాల ఆదివారం
"ప్రభువు పక్షాన ఎవరు? లేచి రండి" అనేవారు పాస్టరు గారు.
తాతకి దగ్గొచ్చేది.
బయటికెళ్లి సైకిలు తాళం చూసుకొచ్చేవాడు.
రొట్టె పళ్లెం మా వరసంతా తిరిగి
ఆయన్ని దాటిపోయేది.

ఎనభై రెండో ఏట, ఎవరికీ చెప్పకుండా లేచాడు.
వేదిక కింద పలకలు తీశారు. నీళ్లు చల్లగా ఉన్నాయి.
ఇద్దరు పట్టుకుని ముంచితే
పళ్ల సెట్టు జేబులో పెట్టుకుని మునిగాడు.
రిజిస్టరు తెచ్చి "పేరు?" అన్నాడు సెక్రటరీ యోనా.
పరేడు మైదానం చివరికి వినపడేలా
నంబరుతో సహా చెప్పాడు.

ఆటోలో నాతో అన్నాడు:
"ఈ పటాలంలో ఒకటే చిక్కు.
శత్రువుకి ముందు అన్నం పెట్టమంటారు."
కాసేపాగి, చెరువు వైపు తిప్పమన్నాడు.

దుకాణంలో ఓబులేసు కొడుకు.
"ఆ రోజు నేను దొడ్డిలో ఉన్నాను బాబూ" అన్నాడు తాత.
అతనికేం అర్థం కాలేదు.
స్టూలు తుడిచి కూచోబెట్టాడు.

ఇప్పుడు ఆ కడపటి బల్ల మీద
నేను కూచుంటున్నాను.
తలుపు దగ్గర గాలి బాగా వస్తుంది,
అబద్ధం కాదు.