రెండువేల ఫరకు

ఇమ్రోజ్ అద్దం మీద రెండు ఫోన్లు పెట్టిండు.
రెండూ నలుపే. ఒక్క తానుల చింపినట్టే ఉన్నయి.
ఇది ఫోర్‌జీ, తొమ్మిదివేలు.
ఇది ఫైవ్‌జీ, పదకొండు.
జీ అంటె ఏంది బిడ్డా అన్న.
తరం అన్నడు.
తరానికి రెండువేలా!

నా కొంగుముడిల ఉన్నది ఏ తరమో అడగలే.
వీపుకు రబ్బరుబ్యాండు. ఐదో బటను ఊడిపోయి ఏడేండ్లు,
ఐదున్న నెంబర్లకు చీపురుపుల్లతోని పొడుస్త.
ఒకపారి చార్జింగ్ పెడితె నాలుగు రోజులాగుతది.
మూడుసార్లు మిర్చిబస్తా కింద పడ్డది, లేసింది.

కని ఐలయ్య మేస్త్రి పనికి పిలుసుడు మార్చిండు.
ఎనుకట బాలాజీనగర్ గల్లీల నిలవడి కేకేస్తుండె.
ఇప్పుడు రాత్రి గ్రూపుల పెడ్తడు:
రేపు తేజ. ఆరో నెంబరు కోల్డ్ స్టోరేజి. ఇరవై మంది.
ముందుగాల బొటనేలు పెట్టినోళ్లదే జాగ.
తెల్లారి ఎనుమాముల గేటు కాడ నేనూ ఉంట,
కూరల పడని కరివేపాకు లెక్క.

ఫైవ్‌జీ అయితె రెప్పపాటు ముందుగాల వస్తదక్కా, అన్నడు ఇమ్రోజ్.
రెప్పపాటు.
కిలో తొడిమెలు తీస్తె పది రూపాలు.
రెండువేలంటె రెండు కింటాళ్లు.
చపాటా అయితె చెయ్యి మీద జెర దయుంటది,
తేజ అయితె రాత్రి చేతులు నీళ్ల బకెట్ల పెట్టుకొని పండుడే,
నిద్రల మర్సిపోయి కన్ను నలుసుకుంటె ఇగ జాగారమే.
రెండు కింటాళ్ల తేజ,
ఒక్క రెప్పపాటుకు.

అసలు ఆ ఫైవ్‌జీ మా గల్లీల వస్తదా అని అడిగిన.
స్టేషన్ రోడ్డుల మస్తుంటదక్కా,
మీ దిక్కు టవర్ మీద పని నడుస్తున్నది అన్నడు.
మా దిక్కు మోరీ పని గుడ నడుస్తనే ఉన్నది, మూడేండ్లసంది.
ఇగ కోల్డ్ స్టోరేజి లోపల ఏ తరమూ జొరబడది.
మూరెడు గోడలు.
అండ్ల చలి ఒక్కటే నిండ సిగ్నల్.

ఏలు పెట్టు అక్కా, నీ ఏలుకే తెరుసుకుంటది అన్నడు.
పెట్టిన. ఫోను వణికింది.
కొంగుకు తుడిసి పెట్టిన. వణికింది.
రేషను షాపుల గుడ గింతే,
నా బొటనేలు నాదని మిషిను ఒప్పుకోదు,
కన్ను చూపిచ్చి బియ్యం తెచ్చుకుంట.
పదేండ్లు తొడిమెలు గిల్లిన ఏలికి గీతలేడుంటయి?
మూడోపారి ఇమ్రోజే నా ఏలు పట్టి ఒత్తిండు.
ఫోను ఏమనలే.
ఇమ్రోజ్ తుమ్మిండు. నాలుగు తుమ్ములు.
దుకాణంల ఉన్నోళ్లందరు మెల్లగ దగ్గుడు వెట్టిండ్రు.

మా స్రవంతి అంటది, కొనేదేదో కొత్తదే కొను,
ఫోర్‌జీ గుడ రేపో మాపో బందైతదట.
ఎవలు చెప్పిండ్రే అంటె, అందరు అంటున్నరు అంటది.
కొమురమ్మ పోయిన నెల ఫైవ్‌జీ కొన్నది,
అప్పటిసంది ఒక్కరోజు పని తప్పలే.
ఫర్జానా గుడ కొంటదట. రాంబాయి చీటీ ఎత్తి కొంటదట.
నేనూ కొన్న అనుకో,
అందరి రెప్పపాటు ఒక్కటే అయితది.
నలభై బొటనేళ్లు ఒక్కసారే లేస్తయి.
జాగలు ఇరవయ్యే.
ఈ ముచ్చట చెప్తె ఇమ్రోజ్
అప్పటికి సిక్స్‌జీ వస్తదక్కా అన్నడు, నవ్వకుంట.

ఐదునూర్లు బయానా ఇచ్చిన.
ఏ ఫోనుకు అక్కా అన్నడు.
జెర సోంచాయించనియ్యి, ఐతారం చెప్త అన్న.
చిట్టీ మీద నా పేరు రాసి
ఫోను పేరు కాడ జాగ ఇడిసిపెట్టిండు.

పోచమ్మమైదాన్ దాటంగ కొంగుముడి మోగింది. కొమురమ్మ.
రేపు తేజనేనే. నీ కోసం మా ఆయన ఫోన్లకెల్లి గుడ ఒత్తిన.
ఎన్నో నెంబరు పడ్డది అన్న.
ఇరవై ఒకటి.
అయినా రా,
ఎవలకన్న జొరం రాకపోతదా.